ఇంగ్లీషు పేరాలో అలంకారాన్ని పట్టుకోవడం, వివరించడం, వాడడం ఎలా

సిమిలీ, మెటఫర్, మెటానమీ, సినెక్డకీ, లైటొటీజ్ అంటూ ముప్పై పేర్లను నిర్వచనాలతో సహా కంఠస్థం చేసి, తీరా పరీక్షలో ఒక పేరా ఎదురైనప్పుడు అందులో ఏది ఎక్కడుందో తేల్చుకోలేక తికమకపడే విద్యార్థులు మన దగ్గర చాలామంది ఉన్నారు. లోపం వారి జ్ఞాపకశక్తిది కాదు, నేర్చుకున్న క్రమానిది. పేరు చివర రావలసినది. ముందు రావలసినది, వాక్యం మామూలు దారి తప్పిన చోటును గమనించే అలవాటు. పైగా తెలుగు వాచకంలో ఉపమ, రూపకం, అతిశయోక్తి, శ్లేష, అనుప్రాసలు చదువుకున్నవారికి ఈ పనిలో సగం ముందే వచ్చి ఉంటుంది. ఆ సగాన్ని ఎలా వాడుకోవాలో, అది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో ఇక్కడ ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

అభ్యాసం కోసం నేనే రాసిన ఒక చిన్న పేరాను ఇస్తున్నాను. చివరిదాకా దీనిమీదే పని చేస్తాం కాబట్టి ఒక కాగితం మీద ఇంగ్లీషు లిపిలో రాసి ఎదురుగా పెట్టుకోండి.

"ది ఓల్డ్ బస్ కాఫ్డ్ ఇన్‌టు ది విలేజ్ ఎట్ నూన్. ది రోడ్ హ్యాడ్ ఈటెన్ ఇట్స్ టైర్స్, ది సన్ హ్యాడ్ ఈటెన్ ఇట్స్ పెయింట్, అండ్ ది ఓనర్ హ్యాడ్ ఈటెన్ ఇట్స్ ప్రాఫిట్స్. ది విలేజ్ డిడ్ నాట్ కంప్లెయిన్. ది బస్, ఆఫ్టర్ ఆల్, వాజ్ ఓన్లీ త్రీ అవర్స్ లేట్."

పాత బస్సు ఒకటి దగ్గుకుంటూ మధ్యాహ్నానికి ఊళ్లోకి వచ్చింది. దాని టైర్లను రోడ్డు, రంగును ఎండ, లాభాలను యజమాని తినేశారు. ఊరు మాత్రం ఏమీ అనలేదు, ఎంతైనా బస్సు ఆలస్యమైంది మూడు గంటలే కదా అని దీని భావం.

మొదటి మెట్టు: రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి చదవండి

మొదటిసారి చదివేటప్పుడు కలం ముట్టుకోకుండా విషయం మాత్రమే అర్థం చేసుకోండి. రెండోసారి పైకి చదువుతూ, మాట అక్షరార్థంలో నిలవని చోట ఒక గీత, మాటో శబ్దమో తిరిగి తిరిగి వచ్చిన చోట ఒక సున్న పెట్టండి. పై పేరాలో బస్సు దగ్గదు, రోడ్డు తినదు, ఊరికి నోరు లేదు, మూడు గంటలు 'మాత్రమే' అనదగిన ఆలస్యం కాదు. ఇవి నాలుగూ గీతలు. 'హ్యాడ్ ఈటెన్' మూడుసార్లు రావడం, 'పెయింట్', 'ప్రాఫిట్స్' ఒకే శబ్దంతో మొదలుకావడం సున్నలు.

గీతలు, సున్నలు అన్న ఈ విభజన నేను కల్పించినది కాదు. గ్రీకు, లాటిన్ సంప్రదాయం నుంచి ఇంగ్లీషుకు వచ్చిన అలంకారశాస్త్రం అర్థాన్ని మలుపు తిప్పేవాటిని ట్రోపులనీ, పదాల కూర్పుతో పనిచేసేవాటిని స్కీములనీ పిలుస్తుంది. మన అర్థాలంకారాలకూ శబ్దాలంకారాలకూ ఇవి దగ్గరగానే ఉన్నా, వాక్యం అమరికతో చేసే ప్రయోగాలన్నీ స్కీముల్లోకి చేరుతాయి కాబట్టి ఆ గది మన శబ్దాలంకారాల గదికన్నా కాస్త పెద్దది.

రెండో మెట్టు: గీత పెట్టిన చోట పోలికను విడదీయండి

ఇక్కడ తెలుగు తరగతి బాగా అక్కరకు వస్తుంది. ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం (రెండింటికీ ఉన్న లక్షణం), ఉపమావాచకం (పోలికను తెలిపే మాట) అనే నాలుగు భాగాలను గుర్తుకు తెచ్చుకుని, ఇంగ్లీషు వాక్యంలో ఏది ఉందో ఏది లేదో రాసుకోండి. 'లైక్' లేదా 'యాజ్' అనే ఉపమావాచకం ఉంటే అది సిమిలీ. వాచకం లేకుండా ఒకదాన్ని మరొకటిగానే చెప్పేస్తే మెటఫర్, అంటే మన రూపకం. ఉపమేయానికి టెనర్ అనీ ఉపమానానికి వెహికిల్ అనీ ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో పేర్లు పెట్టారు. ఇంగ్లీషు విమర్శ పుస్తకాల్లో ఈ మాటలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అవి మీకు తెలిసినవే.

అయితే వాచకాన్ని చూడగానే సిమిలీ అని రాసేయడం ప్రమాదం. 'ఐ లైక్ మ్యాంగోస్'లో ఉన్న 'లైక్' క్రియాపదం. 'హి వర్క్‌డ్ యాజ్ ఎ క్లర్క్'లో 'యాజ్' ఉద్యోగాన్ని చెబుతోంది. 'షి సింగ్స్ లైక్ హర్ మదర్' అన్నప్పుడు పోలిక ఉంది గానీ, ఇద్దరూ మనుషులు, ఇద్దరిదీ పాట; రెండు వేర్వేరు జాతుల వస్తువులను కలపలేదు కాబట్టి అది అలంకారం కాదు. ఆమె గొంతు తుప్పుపట్టిన గేటులా ఉందంటే అప్పుడు సిమిలీ అవుతుంది.

మెటఫర్ తరచుగా క్రియలో దాక్కుంటుంది. మన రూపకం ఎక్కువగా 'సంసార సాగరం', 'జ్ఞానజ్యోతి' వంటి నామపదాల సమాసంలో కనిపిస్తుంది కాబట్టి మన కన్ను నామపదాల మీదే తిరుగుతుంది. ఇంగ్లీషు వచనంలో మాత్రం ఒక్క క్రియతో పోలిక అంతా జరిగిపోతుంది. 'ది రోడ్ హ్యాడ్ ఈటెన్ ఇట్స్ టైర్స్'లో రోడ్డును ఏ జంతువుతోనూ పేరు పెట్టి పోల్చలేదు. 'తినడం' అన్న క్రియ వచ్చి రోడ్డుకు పళ్లు మొలిపించింది. అందుకే గీతలు పెట్టేటప్పుడు ప్రతి వాక్యంలోనూ క్రియను పట్టుకుని 'ఈ కర్త ఈ పని నిజంగా చేయగలదా?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో దొరికేవి, జాబితా బట్టీపడితే దొరికేవాటికన్నా ఎక్కువ.

బస్సు దగ్గడం పర్సానిఫికేషన్, ఈనాటి తెలుగులో మానవీకరణ. ప్రాణం లేనిదానికి మనిషి చేసే పనిని అంటగట్టడం దీని లక్షణం. రోడ్డు తినడం దగ్గర మాత్రం వాదానికి చోటుంది, ఎందుకంటే తినడం జంతువులూ చేస్తాయి. అటువంటి చోట పర్సానిఫికేషన్ అన్నా మెటఫర్ అన్నా పూర్తిగా తప్పని చెప్పలేం. పేరు పక్కన కారణం రాసినవారి జవాబు నిలుస్తుంది.

ఉత్ప్రేక్షకు సరిసమానమైన ఒకే పేరు ఇంగ్లీషులో లేదు. 'ఆకాశం ఏడుస్తోందా అన్నట్టుగా వాన పడింది' అన్న ఊహను ఇంగ్లీషులో 'యాజ్ ఇఫ్'తో రాస్తే వారు దాన్నీ సిమిలీ కిందే లెక్కవేస్తారు. మనకు రెండు గదులున్న చోట వారికి ఒకటే ఉందని గుర్తుంచుకుంటే చాలు.

మూడో మెట్టు: పోలిక లేకుండా పేరు మారిన చోట్లు చూడండి

'ది విలేజ్ డిడ్ నాట్ కంప్లెయిన్' దగ్గరికి రండి. ఊరిని మనిషితో పోల్చారా? లేదు. ఊళ్లో ఉన్నవారి బదులు ఊరి పేరు చెప్పారు. ఒకదానికి సంబంధించిన మరొకదాని పేరు వాడడం మెటానమీ. 'ఊరంతా నవ్వింది', 'ఢిల్లీ ఇంకా నోరు విప్పలేదు' అని మనం రోజూ అనే మాటలు ఇవే. రాచరికం బదులు 'క్రౌన్', అమెరికా అధ్యక్ష కార్యాలయం బదులు 'వైట్ హౌస్' అనడమూ ఇంతే.

భాగం పేరుతో మొత్తాన్ని చెప్పడం సినెక్డకీ. 'ఇంట్లో తినే నోళ్లు ఆరు, సంపాదించే చేతులు రెండు' అన్నప్పుడు నోళ్లు, చేతులు మనుషులే. ఇంగ్లీషులో ఓడ మీద పనివాళ్లను 'హ్యాండ్స్' అని పిలవడం దీనికి పాత ఉదాహరణ. కొందరు దీన్ని మెటానమీలో ఒక రకంగానే చూస్తారు.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ రెండింటి దగ్గరే, దానికి కారణం కూడా ఉంది. మన శాస్త్రంలో ఈ పని అలంకారాల పట్టికలో ఉండదు. 'గంగలో పల్లె' అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని అర్థం చేసుకునే లక్షణావృత్తి కింద ఉంటుంది. బడిలో నేర్పే అలంకారాల్లో కనిపించదు కాబట్టి, మనకు తెలియదని అనుకుంటాం. తేడా తేల్చడానికి ఒక పరీక్ష చాలు: అసలు వస్తువుకూ వాడిన మాటకూ మధ్య 'లాంటి' అన్న మాట పెట్టి చూడండి. 'తినే జంతువులాంటి రోడ్డు' అర్థవంతంగా ఉంది కాబట్టి అది మెటఫర్. 'ఊరులాంటి జనం' అర్థం లేనిది కాబట్టి మెటానమీ.

ట్రాన్స్‌ఫర్డ్ ఎపిథెట్ కూడా ఈ వీధిలోనే ఉంటుంది. నిద్రలేనిది మనిషికైతే 'నిద్రలేని రాత్రి' అని విశేషణాన్ని రాత్రికి తగిలిస్తాం. ఇంగ్లీషు 'స్లీప్‌లెస్ నైట్' కూడా అలాగే పుట్టింది.

నాలుగో మెట్టు: గొంతు వినండి

మాటకు ఒక అర్థం, గొంతులో మరొక అర్థం ఉన్న చోట ఐరనీ ఉంటుంది. పేరాలో 'ఓన్లీ త్రీ అవర్స్' చదివి నవ్వు వచ్చిందంటే ఆ నవ్వే సాక్ష్యం. రాసినవారు మూడు గంటలను తక్కువ అనుకోవడం లేదు; ఆ ఊరివారు అనుకునేంతగా అలవాటు పడ్డారని చెబుతున్నారు.

ఐరనీకి మూడు రూపాలున్నాయి. అన్నమాటకు వ్యతిరేకాన్ని ఉద్దేశించడం మొదటిది, మన వ్యాజస్తుతికీ నిందాస్తుతికీ బంధువు. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకం మూడో అంకంలో ఆంటొనీ ప్రసంగిస్తూ, సీజర్‌ను చంపినవారిలో ఒకడైన బ్రూటస్ గౌరవనీయుడు అని పదే పదే అంటాడు. మొదటిసారి ఆ మాట మర్యాదగానే వినిపిస్తుంది. సీజర్ చేసిన మేళ్లు ఒక్కొక్కటే చెబుతూ ప్రతిసారీ అదే మాటకు తిరిగి రావడంతో చివరికి అది తిట్టుగా మారుతుంది. ఒక్క అక్షరం మారకుండా అర్థం తలకిందులైన తీరును గమనించడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు.

రెండోది డ్రమాటిక్ ఐరనీ, పాత్రకు తెలియనిది చదువరికి తెలియడం. దీనికి ఇంగ్లీషు దాకా వెళ్లనక్కరలేదు. విరాటపర్వంలో ఉత్తరకుమారుడు తనకు సరైన సారథి లేడు గానీ ఉంటే కౌరవులను చెండాడేవాణ్ణని ప్రగల్భాలు పలికి, చివరికి బృహన్నలను సారథిగా ఎక్కించుకుంటాడు. ఆ బృహన్నల అర్జునుడని మనకు తెలుసు, అతనికి తెలియదు. మూడోది సిచువేషనల్ ఐరనీ, అగ్నిమాపక కేంద్రమే తగలబడడం వంటిది. దురదృష్టాలన్నిటినీ ఐరనీ అనకండి. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య వెక్కిరింతలాంటి వైరుధ్యం ఉండాలి.

గొంతుతో పనిచేసేవి మరికొన్ని ఉన్నాయి. హైపర్బలీ మన అతిశయోక్తి. 'లక్షసార్లు చెప్పాను' అని మనం అంటే వారు 'మిలియన్ టైమ్స్' అంటారు. దాని పేరును చూసి 'హైపర్‌బోల్' అని పలికేవారు చాలామంది ఉన్నారు, అది తప్పు. కాదు అనడం ద్వారా అవునని చెప్పడం లైటొటీజ్. 'నాట్ బ్యాడ్' అంటే బాగుందని అర్థం, మనం 'ఆయన తక్కువవాడేం కాదు' అన్నట్టే. కటువైన విషయానికి మెత్తని మాట యూఫెమిజం. ఈ విషయంలో తెలుగు ఎవరికీ తీసిపోదు: దీపం ఆరిపోయిందనడానికి నోరు రాక 'కొండెక్కింది' అన్న జాతి మనది.

ఆక్సీమోరాన్ రెండు విరుద్ధపదాలను పక్కపక్కన పెడుతుంది, 'ఓపెన్ సీక్రెట్' లాగా. మన పత్రికలు దాన్ని 'బహిరంగ రహస్యం'గా రోజూ అచ్చువేస్తూనే ఉన్నాయి. ఆ గ్రీకు పేరులోనే 'పదునైన', 'మొద్దు' అన్న రెండు మాటలు కలిసి ఉన్నాయి కాబట్టి పేరే ఉదాహరణ. వైరుధ్యం రెండు మాటల్లో కాక మొత్తం ఒక ఆలోచనలో ఉంటే పారడాక్స్. మన విరోధాభాసకు అది దగ్గర.

శ్లేష గురించి ఒక హెచ్చరిక. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాలతో రామకథనూ భారతకథనూ నడిపించిన సాహిత్యం మనది కాబట్టి శ్లేష అంటే మనకు పాండిత్యం. ఇంగ్లీషులో దాని పేరు పన్, దాన్ని చాలామంది తేలికపాటి హాస్యంగా చూస్తారు. గంభీరమైన వ్యాసంలో వాడేముందు ఆలోచించండి. అలాగని అది ఎప్పుడూ చిల్లర సరుకు కాదు: రోమియో అండ్ జూలియట్‌లో ప్రాణం పోతున్న మెర్కూషియో, రేపు నాకోసం అడిగితే 'గ్రేవ్ మ్యాన్'గా కనిపిస్తానంటాడు. గంభీరుడని ఒక అర్థం, సమాధిలో ఉంటానని మరొక అర్థం.

ఐదో మెట్టు: సున్నలు పెట్టిన చోట శబ్దాన్ని నమ్మండి, స్పెల్లింగును కాదు

ఎలిటరేషన్ అంటే దగ్గరదగ్గరి పదాలు ఒకే హల్లు శబ్దంతో మొదలుకావడం. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి మనకు అక్షరాన్ని చూసి నిర్ణయించే అలవాటు. ఇంగ్లీషులో ఆ అలవాటు మోసం చేస్తుంది. 'సిటీ', 'క్యాట్' రెండూ ఒకే అక్షరంతో మొదలైనా ఎలిటరేషన్ కాదు. 'ఫోన్', 'ఫిష్' వేర్వేరు అక్షరాలతో మొదలైనా అవుతుంది. 'నైఫ్', 'నైట్' కూడా అంతే. మరొక సూక్ష్మం ఏమిటంటే, ఇంగ్లీషు పదంలో గట్టిగా పలికే భాగం చెవికి తగులుతుంది కాబట్టి, 'బిగిన్' అన్న మాటలో 'బి' కన్నా 'గి' శబ్దమే బలంగా వినిపిస్తుంది.

అచ్చుల పునరుక్తి ఎసొనెన్స్, హల్లులు పదం మధ్యలోనో చివరనో తిరిగి రావడం కాన్సొనెన్స్. పాత ఇంగ్లీషు పద్యపాదాన్ని రెండు ముక్కలుగా విరిచి, ఆ రెండింటినీ ఎలిటరేషన్‌తో కలిపేవారు. పాదం మొదటి అక్షరానికీ విశ్రమస్థానంలోని అక్షరానికీ మైత్రి కలిపే మన యతిని ఎరిగినవారికి ఆ కట్టడం వింతగా తోచదు. వారి పద్యంలో ఏ అచ్చుకైనా ఏ అచ్చుతోనైనా మైత్రి కుదిరేది, మనకున్నట్టు అచ్చులకు జట్లు లేవు.

'గలగల', 'చిటపట' వంటి ధ్వన్యనుకరణలు ఇంగ్లీషులో 'బజ్', 'హిస్', 'స్ప్లాష్'. పేరు ఒనొమటొపియ; స్పెల్లింగు మాత్రం వందసార్లు రాస్తే గానీ రాదు.

ఆరో మెట్టు: వాక్యాల ఎత్తుగడను నిలువుగా రాసి చూడండి

పేరాలోని రెండో వాక్యాన్ని మూడు ముక్కలుగా విడదీసి ఒకదాని కింద ఒకటి రాయండి. మూడింటి నిర్మాణమూ ఒకటే అని కంటికే తెలుస్తుంది. ఇది ప్యారలలిజం. మొదటి రెండు ముక్కల్లో 'తినడం' ప్రకృతి చేసిన అరుగుదల. మూడో ముక్కలో అదే మాట మనిషి చేసిన మోసమైంది. అదే నిర్మాణం కొనసాగుతుందన్న నమ్మకంతో చదువుతున్నవారికి మూడో ముక్కలో దెబ్బ తగులుతుంది. ఒకే క్రియను రెండు రకాల కర్మలకు ముడివేసే జ్యూగ్మాకు ఇది పినతల్లి బిడ్డ. 'పెళ్లికి వెళ్లి భోజనమూ చీవాట్లూ తిని వచ్చాడు' అంటే జ్యూగ్మా ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

వాక్యాల మొదట్లో ఒకే మాట తిరిగి వస్తే అనాఫరా. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తనకొక కల ఉందంటూ వాక్యం తరువాత వాక్యాన్ని ఎత్తుకున్నది ఇదే పద్ధతి. చివర్లో తిరిగి వస్తే ఎపిస్ట్రఫీ; 1863 నవంబరు 19న గెటీస్‌బర్గ్‌లో లింకన్ ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు అన్నప్పుడు ఇంగ్లీషులో 'పీపుల్' అన్న మాట ప్రతి ముక్క చివరా పడుతుంది. తెలుగు అనువాదంలో అది ముందుకు జరిగి అనాఫరాగా మారిపోవడం చూడదగిన విశేషం. విభక్తి మన భాషలో పదం తరువాత వస్తుంది మరి. పదాల వరసను తిరగేసి చెప్పడం కయాస్మస్ కుటుంబానికి చెందినది. దేశం మీకేం చేయగలదో కాదు, మీరు దేశానికేం చేయగలరో అడగండని 1961 జనవరి 20న కెనడీ అన్న మాట దీనికి అందరూ ఇచ్చే ఉదాహరణ. ఒక వాక్యం ముగిసిన మాటతోనే తరువాతి వాక్యం మొదలైతే అనడిప్లోసిస్, అచ్చంగా మన ముక్తపదగ్రస్తం.

ఏడో మెట్టు: జవాబు రాయండి

జవాబుకు మూడు అంగాలు ఉండాలి: మూలంలోని మాటలు, అలంకారం పేరు, అది అక్కడ చేసిన పని. విద్యార్థులు మూడోదాన్ని వదిలేస్తారు, లేదా 'వాక్యానికి అందం తెచ్చింది' అని రాసి ఊరుకుంటారు. ఆ వాక్యం ఏ అలంకారం కిందనైనా సరిపోతుంది కాబట్టి దానికి విలువ లేదు. దాని బదులు, ఆ అలంకారాన్ని తీసేసి మామూలు మాట పెట్టి, ఏం పోయిందో రాయండి. 'కాఫ్డ్' బదులు 'కేమ్' అని పెడితే బస్సు వయసు పోతుంది, ఇంజను చప్పుడు పోతుంది, దానిమీద కలిగే కొద్దిపాటి జాలి కూడా పోతుంది. ఆ మూడింటినీ రెండు వాక్యాల్లో పెట్టండి, జవాబు పూర్తవుతుంది.

ఎనిమిదో మెట్టు: మీ సొంత రాతలో వాడేటప్పుడు

ముందు అలంకారాలేమీ లేకుండా విషయం రాసేయండి. తరువాత మీరు చదువరిని ఆపదలుచుకున్న ఒకటి రెండు చోట్లు ఎంచుకుని అక్కడే ప్రయోగించండి. అచ్చులో చూసి చూసి అలవాటైపోయిన పోలికలను వాడవద్దని జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన వ్యాసంలో గట్టిగా చెప్పారు. సింహంలా ధైర్యవంతుడు, మంచులా చల్లన వంటివి ఒకప్పటి పోలికలు. ఇప్పుడు వాటిలో సింహమూ లేదు, మంచూ లేదు. పరభాషలో రాసేవారికి ఈ ప్రలోభం ఎక్కువ, ఎందుకంటే అరిగిన మాటే వ్యాకరణ రీత్యా భద్రంగా కనిపిస్తుంది. మీరు కళ్లారా చూసిన వస్తువునుంచి పోలిక తీసుకోండి. తుప్పు పట్టిన గేటు చప్పుడు మీ వీధిలోదే అయితే, ఆ వాక్యం మరెవరూ రాయలేనిది అవుతుంది.

ఒక పోలికను ఎత్తుకున్నాక మధ్యలో మరొకదానిలోకి దూకకండి. సమస్యను నిప్పుతో పోల్చి, వేళ్లతో సహా పెకలించాలని రాస్తే నిప్పుకు వేళ్లు మొలుస్తాయి. దీన్ని మిక్స్‌డ్ మెటఫర్ అంటారు, ఉపన్యాసాల్లో తరచు వినిపిస్తుంది.

చివరగా, రాసినదాన్ని ఒక రోజు పక్కన పెట్టి మళ్లీ చదివి, ఒకే పని చేస్తున్న రెండు అలంకారాలు కనబడితే ఒకదాన్ని కొట్టేయండి. మన బస్సు పేరా మొదటి చిత్తుప్రతిలో 'కాఫ్డ్' తరువాత అలిసిపోయిన ముసలి ఏనుగులా అన్న సిమిలీ కూడా ఉండేది. రాసినప్పుడు నాకు బాగానే నచ్చింది. మర్నాడు చదివితే, బస్సు దగ్గుతుండగా దాని పక్కన ఏనుగు కూడా నిలబడి ఉన్నట్టు అనిపించి, ఏనుగును కొట్టేశాను.